మ్యాప్‌లో మారని దూరం.. ఆకాశంలో పెరిగిన ప్రయాణం

ఢిల్లీ విమానాశ్రయం నుంచి వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయానికి అతి దగ్గరి దారి సుమారు 12,050 కిలోమీటర్లు. ఆ దూరం ఎప్పటికీ మారదు. మారేది ప్రయాణ సమయం. గాలివాటం, కింద ఉన్న పర్వతాలు, అన్నిటికన్నా ముఖ్యంగా పైనుంచి వెళ్లనిచ్చే దేశాల అనుమతి దాన్ని నిర్ణయిస్తాయి.

పహల్గాం ఉగ్రదాడి తర్వాత, 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ భారత విమానాలకు తన గగనతలాన్ని మూసేసింది. ఏప్రిల్ 30న భారత్ కూడా అదే పని చేసింది. ఆ తర్వాత రెండు దేశాలూ నెలనెలా గడువు పొడిగిస్తూ వచ్చాయి.

ఢిల్లీకి ఉత్తరాన హిమాలయాలు, టిబెట్ పీఠభూమి. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే దాదాపు 10 వేల అడుగులకు దిగాలి. అంతకంటే ఎత్తయిన పర్వతాల మీద అది సాధ్యం కాదు. పశ్చిమాన పాకిస్తాన్ దారి మూసుకుపోవడంతో ఇక మిగిలింది గుజరాత్ వైపు దిగి, అరేబియా సముద్రం మీదుగా చుట్టి వెళ్లడమే.

చుట్టూ తిరగాలంటే ఎక్కువ ఇంధనం కావాలి. ఇంధనం పెరిగితే బరువు పెరుగుతుంది. ఆ బరువును మోయడానికి మరికొంత ఇంధనం ఖర్చవుతుంది. అందుకే అమెరికా నుంచి వచ్చే కొన్ని ఎయిరిండియా విమానాలు వియన్నా, కోపెన్‌హాగెన్‌లలో ఆగి ఇంధనం నింపుకోవాల్సి వచ్చింది. నిషేధం ఏడాది పాటు సాగితే సుమారు 60 కోట్ల డాలర్ల భారం పడుతుందని ఆ సంస్థ అంచనా వేసింది. 2025 సెప్టెంబర్ 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసునే నిలిపేసింది. ఆధునికీకరణ కోసం పంపడంతో విమానాల కొరత ఏర్పడటం ఒక కారణమని, పాక్ గగనతల నిషేధం మరో కారణమని చెప్పింది.

నష్టం ఒక వైపే లేదు. జూన్ 30 నాటికే తమ విమానాశ్రయాల సంస్థ 410 కోట్ల పాకిస్తానీ రూపాయల ఆదాయం కోల్పోయిందని పాక్ ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. అయితే పాకిస్తాన్ కోల్పోయింది దారి రుసుము. భారత సంస్థలకు పోయేది ప్రయాణికులు.

ఎందుకంటే ఈ నిషేధం విదేశీ విమానయాన సంస్థలకు వర్తించదు. హైదరాబాద్ నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఢిల్లీలో మారినా, దుబాయ్‌లో మారినా ఒక్క మజిలీనే. హైదరాబాద్-దుబాయ్ మార్గం అరేబియా సముద్రం మీదుగా సాగుతుంది కాబట్టి దానికి ఈ ఇబ్బంది లేదు. ఢిల్లీ దారిలో మధ్యలో మరోచోట ఆగాల్సి వస్తే, పెద్దవాళ్లు ఏ టికెట్ కొంటారో ఊహించడం కష్టం కాదు.

2019లో బాలాకోట్ దాడి తర్వాత విధించిన ఇలాంటి నిషేధం జులై 16న ముగిసింది. అప్పటికి దాదాపు ఐదు నెలలు. ఎయిరిండియా నష్టం జులై 2 నాటికే 491 కోట్ల రూపాయలని అప్పట్లో కేంద్రం రాజ్యసభలో చెప్పింది. ఈసారి నిషేధం అంతకంటే చాలా ఎక్కువ కాలం సాగింది. ఢిల్లీని దుబాయ్, దోహాలకు దీటైన అంతర్జాతీయ కూడలిగా మార్చాలన్నది భారత్ ఆశయం. కొత్త టెర్మినళ్లు, కొత్త విమానాలు డబ్బుతో వస్తాయి. పొరుగు దేశం మీదుగా దారి మాత్రం దౌత్యంతోనే తెరుచుకోవాలి.