విమానంలో కరెంటు లెక్క

ఆదిలాబాద్‌లోని పాత ఎయిర్‌స్ట్రిప్‌ను పౌర విమానాలకు తెరిచేందుకు వైమానిక దళం 2025లో సమ్మతించింది. దాంతో భూసేకరణ, రన్‌వే పొడవు చర్చకొచ్చాయి. విమానానికి కావలసిన కరెంటు సంగతి మాత్రం ఇంజినీర్ల కాగితాలు దాటి బయటికి రాదు.

నిజానికి ఆ లెక్క ఆదిలాబాద్, కరీంనగర్ వైపు రైతులకు బాగా తెలిసిందే. త్రీఫేజ్ కరెంటు విడతలవారీగా ఇచ్చే రోజుల్లో కరీంనగర్ పల్లెల్లో బావి మోటార్లకు ఆటో స్టార్టర్లు బిగించేవారు. సరఫరా రాగానే మోటార్లన్నీ ఒక్కసారే అందుకునేవి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. 2018 జనవరి 1న 24 గంటల ఉచిత విద్యుత్తు మొదలుపెట్టినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం రైతులను కోరింది. మోటార్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, ఒకే సమయంలో ఎన్ని నడుస్తాయన్నదే లోడును తేలుస్తుంది. రామడుగు మండలం లక్ష్మీపూర్‌లోని గాయత్రి పంప్‌హౌస్‌లో 139 మెగావాట్ల మోటార్లు ఏడున్నాయి. అన్నీ కలిసి నడిస్తే 973 మెగావాట్లు!

విమానంలోనూ ఇదే పద్ధతి, నిబంధనలే కఠినం. పెద్ద విమానానికి జనరేటర్లు ఎన్ని, ఎంత సామర్థ్యంతో ఉండాలో విద్యుత్ లోడు విశ్లేషణతోనే తేల్చాలని అమెరికా, యూరప్ నిబంధనలు చెబుతాయి. టేకాఫ్, ప్రయాణం, ల్యాండింగ్... ఒక్కో దశలో ఏ పరికరం ఎంత లాగుతుందో, ఎంతసేపు లాగుతుందో పట్టిక వేస్తారు. ఒక జనరేటర్ పోయిందనుకుని మళ్లీ లెక్కిస్తారు. అప్పుడు ముందుగా ఆగేవి వంటగది ఓవెన్లలాంటివి. పైలట్ ముందున్న ముఖ్యమైన సూచికలు చివరిదాకా వెలగాలి.

బోయింగ్ 737 కొత్త తరం విమానాల ఇంజన్లపై 90 కేవీఏ జనరేటర్లు రెండే. 787కు 250 కేవీఏవి నాలుగు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలపడం, రెక్కలపై మంచు కరిగించడం 787లో కరెంటు పనులే కావడంతో లోడు అంతగా పెరిగింది. 2013 జనవరిలో లిథియం బ్యాటరీలు వేడెక్కి ప్రపంచమంతటా 787లు నేలకే పరిమితమయ్యాయి. జనరేటర్లన్నీ మూగబోతే ఆఖరి ఆసరా గాలికి తిరిగే చిన్న టర్బైన్. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో కూలిన 787లో, నేల విడిచిన కొద్ది క్షణాలకే అది బయటికొచ్చిందని ప్రాథమిక దర్యాప్తు నివేదిక తెలిపింది.

చిన్న పట్టణాలకు మన దేశంలో ఎక్కువగా తిరిగేది ఏటీఆర్ 72. ఇందులో 12 కిలోవాట్ల డీసీ జనరేటర్లు రెండుంటాయి, తోకలో సహాయక ఇంజన్ ఉండదు. అందుకే నేల మీద ఉన్నప్పుడు కరెంటు కోసం కుడి ఇంజన్‌ను ప్రొపెల్లర్ తిరగకుండా నడపాలి, లేదా బయటి పవర్ యూనిట్ తగిలించాలి. ఆదిలాబాద్ ప్రణాళికలో ఆ యూనిట్లకు చోటుండాలి. రన్‌వే దీపాల లెక్కా వేరుగా చూడాలి: మొదటి కేటగిరీ ఇన్‌స్ట్రుమెంట్ ల్యాండింగ్ రన్‌వేపై గ్రిడ్ పోతే అంచు దీపాలు 15 సెకన్లలోపు మళ్లీ వెలగాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. అందుకు తగిన జనరేటర్ల ఖర్చును మొదటి అంచనాల్లోనే చేర్చడం మేలు.