అవ్వ మీటింగుకు వస్తే తప్పేంటి?



పేరెంట్స్ మీటింగ్‌కు ముందు రోజు కొందరు పిల్లలు నా దగ్గరికి వచ్చి మెల్లగా అడుగుతారు: "మేడం, అమ్మానాన్న బెంగళూరులో ఉన్నారు. మా అవ్వ వస్తుంది. ఆమెకు ఇంగ్లీష్ రాదు, ఫర్వాలేదా?" కొంతమందైతే అవ్వకు మీటింగ్ సంగతే చెప్పరు.

ఈ సిగ్గు పిల్లలకు పుట్టుకతో రాలేదు. "నీకేం తెలుసు, ఊరకుండు" అని ఇంట్లో పెద్దవాళ్లను మనం అనే మాట వాళ్లు రోజూ వింటున్నారు. ఇంగ్లీష్ నేర్పడం నా ఉద్యోగం. ఇంగ్లీష్ రాని మనిషిని తక్కువగా చూడడం మాత్రం ఏ సిలబస్‌లోనూ లేదు.

శింగనమల చుట్టుపక్కల పల్లెల్లో ఈ అవ్వాతాతలు ఎవరు? ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో శెనక్కాయ సాగు చేసి, పంట పోయిన ఏళ్లలో కూలికి పోయి మిమ్మల్ని చదివించినవాళ్లు. ఇప్పుడు మీ పిల్లలకు క్యారియర్ కట్టి బస్సు ఎక్కిస్తున్నదీ వాళ్లే.

స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చారు. 2009 జూన్ 19న కన్నుమూసేదాకా ఇక్కడి పేదల కోసమే పనిచేశారు. ఇప్పటికీ మన పల్లెల్లో చాలా ఇళ్లలో దేవుడి పటాల పక్కన ఆయన ఫోటో కనిపిస్తుంది. మంచిదే. కానీ ఆ ఫోటోకు దండ వేసిన ఇంట్లోనే, వసారాలో మంచం మీదున్న తాతను పొద్దుటి నుంచి ఎవరూ పలకరించకపోతే? పిల్లలు రెండూ చూస్తారు. రేపు మీరు ముసలివాళ్లయ్యాక వాళ్లకు గుర్తొచ్చేది దండ కాదు, ఆ మంచమే.

2007లో వచ్చిన చట్టం ప్రకారం, పిల్లలు చూసుకోకపోతే తల్లిదండ్రులు, అవ్వాతాతలు ట్రిబ్యునల్‌కు వెళ్లి భృతి అడగవచ్చు. భృతి ఇప్పించడం చట్టానికి చేతనవుతుంది. "తిన్నావా అవ్వా" అని అడిగించడం దానికి చేతకాదు.

"అవ్వ వస్తే ఫ్రెండ్స్ ముందు పిల్లోడు చిన్నబోతాడు" అని కొందరు తల్లులు నాతో అన్నారు. వాడు చిన్నబోతాడని అవ్వను ఆపేస్తే, వాడి సిగ్గు సరైనదేనని మనమే ఒప్పుకున్నట్టు. ఒకసారి రానివ్వండి. హోంవర్క్ సంగతి, జ్వరం సంగతి, రాత్రిళ్లు ఫోన్ చూసే సంగతి నాకు ఎక్కువగా తెలిసింది అవ్వల నోటినుంచే.

వచ్చే మీటింగ్‌కు మీకు సెలవు దొరక్కపోతే వాళ్లనే పంపండి. ప్రోగ్రెస్ కార్డు నేను తెలుగులోనే చదివి చెబుతాను. సంతకం రాకపోతే వేలిముద్ర చాలు. పిల్లవాణ్ణి మాత్రం అవ్వ పక్కనే కూర్చోబెడతాను.