షుగర్ ఉన్న పిల్లి తూలుతోందా? తెల్లారే దాకా ఆగకండి

మీ ఇంట్లో ఇన్సులిన్ మీద ఉన్న పిల్లి ఉంటే ఈ పేరా ఇప్పుడే చదవండి, మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. పిల్లి ఉన్నట్టుండి తూలుతూ నడిచినా, పిలిస్తే తిరిగి చూడకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నా, ఒళ్లు వణికినా, ఎన్నడూ లేనట్టు గొంతెత్తి అరిచినా దాని రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఉండవచ్చు. తెలివిలో ఉండి మింగగలిగితే వెంటనే తిండి పెట్టండి. తినకపోతే చిన్న చెంచాడు తేనె గానీ చిక్కగా కలిపిన గ్లూకోజ్ పొడి గానీ వేలితో కొంచెం కొంచెంగా చిగుళ్లకు రాయండి. డాక్టరు చెప్పేదాకా మళ్లీ ఇన్సులిన్ వేయకండి. తేరుకున్నా సరే, ఆసుపత్రికి బయల్దేరండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అపార్టుమెంట్లలో ఇప్పుడు పిల్లులు గడప దాటకుండా పెరుగుతున్నాయి. రోజంతా గిన్నె నిండా గింజల తిండి ఉంటుంది, ఎగిరి దూకే పని ఉండదు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయ్యాక ఒళ్లు చేస్తాయి. బరువెక్కిన, నడివయసు దాటిన, ఆపరేషన్ అయిన మగపిల్లికి షుగర్ వచ్చే అవకాశం మిగతావాటికంటే ఎక్కువ. దురదకో ఉబ్బసానికో స్టెరాయిడ్లు వాడిన పిల్లులకూ రావచ్చు. గిన్నెలో నీళ్లు తరిగిపోవడం, లిట్టర్ ట్రేలో తడి ముద్దలు పెద్దవి కావడం, బాగా తింటూనే చిక్కిపోవడం లాంటి మొదటి గుర్తులను చాలామంది పట్టుకుంటారు. డాక్టరు పరీక్ష చేసి రోజుకు రెండు పూటలా ఇన్సులిన్ రాస్తారు. నాలుగు వారాలకు పిల్లి కోలుకుంటుంది, ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అసలు జాగ్రత్త పడాల్సిన కాలం అక్కడే మొదలవుతుంది.

షుగర్ ఎక్కువగా ఉంటే శరీరం మెల్లగా దెబ్బతింటుంది. పడిపోతే మాత్రం గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. మెదడు బతికేది రక్తం మోసుకొచ్చే చక్కెర మీద. తనకంటూ దాచుకునే నిల్వ దానికి దాదాపు లేదు. అందుకే చక్కెర తగ్గగానే ముందు మారేది ప్రవర్తన. కొన్ని పిల్లులు ఆకలితో వెంటపడతాయి, కొన్ని మంచం కిందో బీరువా వెనకో దూరతాయి. రోజూ ఎక్కే కిటికీ గట్టు అందుకోలేక జారతాయి. కనుపాపలు పెద్దవై చూపు ఎటో ఉంటుంది. తల ఒక పక్కకు వాలుతుంది, కాళ్లు తడబడతాయి, ఆ తర్వాత ఫిట్స్, ఆ పైన తెలివి తప్పడం. ఈ మెట్లన్నీ వరసగా రావాలని లేదు. ఏ గుర్తూ చూపించకుండా నేరుగా ఫిట్స్‌లోకి వెళ్లే పిల్లులూ ఉన్నాయి. జబ్బును దాచుకోవడం పిల్లి పుట్టుక లక్షణం. కుక్కలా వచ్చి కాళ్ల దగ్గర మూలగదు. దానికి ఏం అలవాటో ఏది కాదో రోజూ చూసే మీకే తెలుస్తుంది, పరీక్ష గదిలో పది నిమిషాలు చూసే డాక్టరుకి తెలియదు. "ఇవాళ ఎందుకో అలిగింది", "వయసైపోయింది కదా" అని మీరే సర్ది చెప్పుకుంటే ఆ పిల్లిని పట్టించుకునేవారు ఇంకెవరూ ఉండరు.

చక్కెర ఎందుకు పడిపోతుంది? చాలా ఇళ్లలో కారణం ఒక్కటే. ఇద్దరు ఇంజెక్షన్ వేస్తారు. అమ్మ ఏడింటికి వేసి గుడికి వెళ్తుంది, ఎనిమిదింటికి లేచిన కొడుకు వేయలేదేమోనని మళ్లీ వేస్తాడు. సూది వేసేటప్పుడు పిల్లి కదిలింది, మందు లోపలికి వెళ్లిందో బొచ్చు మీద పడిందో తెలియక ఇంకోసారి పొడిచేవారూ ఉన్నారు. అలా ఎన్నడూ చేయకండి. ఒక పూట సూది తప్పితే షుగర్ కొంత పెరుగుతుంది, అంతే. రెండుసార్లు పడితే పిల్లి చచ్చిపోవచ్చు. ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటించి, వేసినవాళ్లు వేసిన వెంటనే టైము రాయాలి. సంక్రాంతికి ఊరెళ్తూ పిల్లిని పక్కింటివారికి అప్పగించేటప్పుడు ఆ కాగితం కూడా అప్పగించండి. పిల్లి తినకపోయినా, తిన్నది కక్కేసినా డాక్టరుని అడగకుండా రోజూ వేసే డోసు వేయకండి.

రెండో కారణం సిరంజి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన దేశంలో మరీ పొంచి ఉన్న ప్రమాదం. మెడికల్ షాపుల్లో మనకు దొరికే ఇన్సులిన్ సాధారణంగా రెండు గాఢతల్లో ఉంటుంది. చాలా సీసాల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జ్‌లూ, పిల్లులకు డాక్టర్లు తరచుగా రాసే గ్లార్జిన్ లాంటివీ మిల్లీలీటరుకు 100 యూనిట్లు. సిరంజిలూ రెండు రకాలే. ఎర్ర మూతది 40కి, నారింజ రంగు మూతది 100కి. మూత తీసి పక్కన పెట్టాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. 100 గాఢత మందును ఎర్ర మూత సిరంజిలోకి ఒక యూనిట్ గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది ఒక యూనిట్ కాదు, రెండున్నర. తారుమారైతే వెళ్లేది యూనిట్‌లో సగం కూడా కాదు, 0.4 మాత్రమే. నాలుగు కిలోల పిల్లికి డాక్టర్లు సాధారణంగా పూటకు ఒక యూనిట్‌తో మొదలుపెడతారు. ఆ పిల్లికి రెండున్నర యూనిట్లు పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంట్లో తాతగారికి కూడా షుగర్ ఉంటే ఆయన సిరంజిలూ పిల్లి సిరంజిలూ ఒకే డబ్బాలో ఉంటాయి. వాటిని ఇవాళే వేరు చేయండి. షాపులో "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అని ఊరుకోకుండా సీసా చూపించి, దాని మీది అంకె చదివి అడగండి.

మూడో కారణం ఎవరూ ఊహించనిది. పిల్లి బాగుపడటమే! షుగర్ తొందరగా అదుపులోకి వచ్చిన కొన్ని పిల్లుల్లో, ముఖ్యంగా పిండిపదార్థం తక్కువున్న తిండి పెడుతున్నవాటిలో, పాంక్రియాస్ మళ్లీ పుంజుకుంటుంది. సొంత ఇన్సులిన్ ఊరడం మొదలవుతుంది. కొన్నాళ్లకో, శాశ్వతంగానో సూది అవసరమే లేకుండా పోయే పిల్లులున్నాయి. ఇది ఎంత మంచి వార్తో అంత ప్రమాదం, ఎందుకంటే నెలల తరబడి సరిగ్గా సరిపోయిన డోసే ఒక రోజు నుంచి ఎక్కువైపోతుంది. ఎవరో చెప్పారని గింజల తిండి మానేసి చికెన్‌కో తడి తిండికో మార్చినా, వాడుతున్న స్టెరాయిడ్ ఆపినా ఇదే జరగవచ్చు. కాబట్టి తిండి మార్చే ముందు డాక్టరుకి చెప్పండి. "డోసు మార్చలేదు కదా, ఇంకేదో అయి ఉంటుంది" అనుకుని పొరపాటు పడకండి.

ఇక రెండో వైపు ప్రమాదం. ఇన్సులిన్ చాలకపోయినా, పాంక్రియాస్ వాపో మూత్రంలో ఇన్ఫెక్షనో తోడైనా శరీరం చక్కెరను వాడుకోలేక కొవ్వును కరిగించుకుంటుంది. దాంతో కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లమవుతుంది. ఈ పిల్లి సాధారణంగా తూలదు, వణకదు. నిశ్శబ్దమైపోతుంది. నీళ్ల గిన్నె ముందు ముడుచుకుని కూర్చుంటుంది గానీ తాగదు. తిండి వాసన చూసి మొహం తిప్పేస్తుంది, వాంతులు చేసుకుంటుంది, వేగంగా ఊపిరి తీస్తుంది. నోటి నుంచి గోళ్ల రంగు తుడిచే మందు లాంటి వాసన రావచ్చు. ఆ వాసన అందరి ముక్కుకూ అందదు, రాలేదని ధైర్యపడకండి. దీనికి ఇంట్లో చేయగలిగిందేమీ లేదు. సెలైన్ ఎక్కించి, గంట గంటకూ చూసుకునే ఆసుపత్రి కావాలి. అసలు ఏ పిల్లీ రెండు రోజులకు మించి తినకుండా ఉండకూడదు, కాలేయానికి కొవ్వు పట్టి ఇంకో జబ్బు తోడవుతుంది. షుగర్ ఉన్న పిల్లి విషయంలో ఆ రెండు రోజులు కూడా ఆగొద్దు.

పడిపోయిందా, పెరిగిపోయిందా అని ఎలా తెలుస్తుంది? ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే చెవి అంచున చిన్న సూదితో గుచ్చి చూడవచ్చు. ఎలాగో డాక్టరు దగ్గర ఒకసారి నేర్చుకుంటే చాలు, చాలా పిల్లులు వారం తిరక్కుండా అలవాటు పడతాయి. 60 కంటే తక్కువ వస్తే అత్యవసరమే. మనుషుల మీటరు పిల్లి రక్తంలో చక్కెరను అసలు కంటే కొంత తక్కువగా చూపిస్తుంది, అయినా ఆ అంకెతో వాదించకండి. ఆసుపత్రిలో తీసిన రీడింగ్ ఒక్కదాన్నే నమ్మడానికీ లేదు, భయానికే పిల్లి షుగర్ బాగా పెరిగిపోతుంది. మీటరు లేకపోతే? పిల్లి తూలుతుంటే తీపి రాయండి. షుగర్ ఎక్కువున్న పిల్లికి చెంచాడు తేనె వల్ల జరిగే కీడు చాలా తక్కువ. షుగర్ పడిపోయిన పిల్లికి అది అందకపోతే ప్రాణమే పోతుంది. ఈ సందేహంలో ఎటు మొగ్గాలో నాకు అనుమానం లేదు.

ఫిట్స్ వస్తున్న పిల్లి నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేలు లోపల పెట్టకండి, కొరుకుతుంది. తువ్వాలులో చుట్టి, కుదుపు ఆగగానే కొంచెం తేనె చిగురు మీద రాసి బండి ఎక్కించండి. తేనెతో లేచి కూర్చుందని ఆగిపోవడం చాలామంది చేసే తప్పు. ఆ తీపి పనిచేసేది కాసేపే, లోపలున్న ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి మళ్లీ పడిపోతే ఇల్లంతా నిద్రలో ఉంటుంది.

మందుల డబ్బా జోలికి వెళ్లకండి. నలతగా ఉందని పారాసిటమాల్ ముక్క వేసి పిల్లిని చంపుకున్న ఇళ్లున్నాయి. మనిషికి అమాయకమైన ఆ మాత్ర పిల్లికి విషం, దాని కాలేయానికి ఆ మందును విరిచే శక్తి చాలదు. నాన్నగారి గ్లిమెపిరైడ్ మాత్రలు విరిచి పెట్టకండి. మెంతి నీళ్లూ కాకర రసమూ ఇన్సులిన్‌కు బదులు కావు. ఇంకో మాట, అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం ముఖ్యంగా. అక్కడ 2022 డిసెంబరులో బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకూ, 2023లో వెలాగ్లిఫ్లోజిన్ ద్రావణానికీ పిల్లుల కోసం అనుమతి వచ్చింది. ఇవి చక్కెరను మూత్రంలోకి తోసేస్తాయి. వీటితో ఉన్న చిక్కేమిటంటే, కీటోన్లు ప్రమాదకరంగా పేరుకున్నప్పుడు కూడా మీటరులో అంకె మామూలుగానే కనిపించవచ్చు. ఈ మందు మీద ఉన్న పిల్లి తిండి మానేస్తే మీటరు చూసి నిశ్చింతగా ఉండకండి. ఇక్కడ మన ఇళ్లలో చాలామంది వాడే డాపాగ్లిఫ్లోజిన్ కూడా ఆ కోవలోదే. సొంతంగా పిల్లికి వేసే సాహసం ఎవరూ చేయొద్దు.

నెమ్మదిగా వచ్చే మార్పులూ ఉన్నాయి. వెనక కాళ్ల మడమలు నేలకు ఆనించి, కుందేలు కూర్చున్నట్టు నడుస్తుంటే నరాలు దెబ్బతిన్నాయని అర్థం. పాదాలు ముట్టుకుంటే కసురుకుంటే అది కోపం కాదు, నొప్పి. షుగర్ అదుపులోకి వస్తే ఇవి చాలావరకు సర్దుకుంటాయి, ఈ వారంలో చూపించండి. మగపిల్లి ట్రేలో కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే మాత్రం అది షుగర్ సంగతి కాదు, మూత్రం దారి మూసుకుపోయి ఉండవచ్చు. దానికీ ఆ రాత్రే పరుగెత్తాలి.

పశువైద్యులకు ఒక మనవి. ఇన్సులిన్ రాసేటప్పుడు గాఢత ఎంతో, ఏ రంగు మూత సిరంజి వాడాలో చీటీ మీద తెలుగులో రాయండి. మొదటి సూది మీ ముందే వేయించండి. షుగర్ పడిపోతే ఏం చేయాలో అచ్చు వేసిన కాగితం ఒకటి చేతికివ్వండి. మెడికల్ షాపులవారు సీసా చూడకుండా సిరంజి అమ్మకండి. ప్రభుత్వాలూ కదలాలి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పల్లెల్లో పాడి పశువులకూ గొర్రెలకూ మేకలకూ ఉద్దేశించినవి, అవి అలాగే ఉండాలి. పట్నాల్లో రాత్రి పూట పెంపుడు జంతువులకు అత్యవసర వైద్యం ప్రతి పెద్ద ఊళ్లోనూ ఒక్కచోటైనా అందాలి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు ఆ బాధ్యత అప్పగించి, అందుకు తగ్గ డాక్టర్లనూ డబ్బునూ ఇవ్వవచ్చు. అప్పటిదాకా మీ ఊళ్లో రాత్రి తలుపు తీసే ఆసుపత్రి ఏదో ఇవాళ పగలే ఫోన్ చేసి కనుక్కోండి. ఆ నంబరు ఫ్రిజ్ మీది కాగితం పైన, ఇంట్లో అందరికీ కనబడేంత పెద్ద అంకెలతో రాసి పెట్టండి.