కొలత లేని మందు

చక్కెరజబ్బువాళ్లు చేతికి అంటించుకునే గ్లూకోజు సెన్సరు గురించీ, ఇన్సులిన్ మోతాదు లెక్కగట్టే ఫోను యాప్ గురించీ మన అభ్యుదయ మిత్రులలో ఒక అభిప్రాయం బాగా పాతుకొని వుంది. అవి బహుళజాతి కంపెనీల సరుకు గనక, డబ్బున్నవాళ్ల విలాసం గనక, వాటిని ఖండించటం తప్ప మనం చేయవలసింది మరేమీ లేదని వాళ్ల అభిప్రాయం. ఇంకా కొందరున్నారు. వాళ్లు మరో మెట్టు పైకెక్కి, రాయలసీమ మనిషి సంగటీ కొర్రన్నమూ మాని వరికూటికి మరగటం వల్లనే యీ జబ్బు వచ్చిందనీ, మళ్లీ సంగటిముద్ద తింటే సెన్సరూ వద్దు, సూదీ వద్దు అనీ ఉపన్యసిస్తారు. మొదటివాళ్లు చెప్పేది సగం నిజం. రెండోవాళ్లు చెప్పేది ప్రాణం తీసే అబద్ధం. నేను యిరవై రెండేళ్లుగా రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ పొడుచుకుంటున్నవాణ్ణి; ప్రొద్దుటూరులో పిల్లలకు లెక్కలు చెప్పి బతికేవాణ్ణి. ఈ రెండు వాదాలతోనూ నాకు పేచీ వుంది.

రెండోదాన్ని ముందు తేల్చేద్దాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగుల్లో సుమారు 67 గ్రాముల పిండిపదార్థం వుంది. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 78. తేడా పదకొండు గ్రాములు. ఆ సంగటిలో కూడా బియ్యమో నూకలో పడతాయని కెలికిన చేతులకు తెలుసు. రాగుల్లో పీచు యెక్కువ, కాల్షియం యెక్కువ, మంచి తిండే, నేనూ తింటాను. కాని మొదటి రకం చక్కెరజబ్బు తిండివల్ల వచ్చేది కాదు. శరీరంలోని రక్షణ వ్యవస్థే శత్రువు మీద పడినట్లు క్లోమం మీద పడి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. తరచుగా పసివయసులోనే చేస్తుంది. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రవాడికి మొదటి సూది వేసేదాకా యిలాంటి పిల్లలకు వైద్యశాస్త్రం యెరిగిన చికిత్స ఒక్కటే: కడుపు మాడ్చటం. మాడ్చి, యెముకలగూళ్లను చేసి, ఏడాదో రెండేళ్లో ప్రాణం నిలబెట్టేవాళ్లు. అందుచేత అటువంటి బిడ్డ తల్లికి ఇన్సులిన్ మాన్పించి సంగటి పెట్టమని చెప్పటమంటే ఆ బిడ్డను చంపుకోమని చెప్పటమే. నేను అలంకారంగా అంటున్న మాట కాదిది.

మొదటి వాదం యింత నాసిది కాదు. సెన్సరు కంపెనీ సరుకే. లాభం కోసమే అమ్ముతారు. అయితే ఇన్సులిన్ మాత్రం? దాన్ని కనుక్కొన్నవాళ్లు 1923లో తమ పేటెంటును తలా ఒక డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి యిచ్చేశారు, అందరికీ అందాలని. ఆ తర్వాత ప్రపంచ మార్కెటు చాలావరకు మూడు కంపెనీల గుప్పిట్లోకి పోయింది. పోయిందని మనం ఇన్సులిన్‌ను బహిష్కరించామా? కంపెనీ సరుకు గనక వద్దు అనే తర్కాన్ని చివరిదాకా లాగితే నేను యీ వ్యాసం రాయటానికి బతికి వుండను. యంత్రాలను పగలగొట్టటం కార్మికోద్యమం తన పసితనంలో చేసిన పని. అక్కడినుంచి మనం చాలా దూరం వచ్చామనే నేననుకుంటున్నాను.

అసలు ఇన్సులిన్ మిగతా మందుల వంటిది కాదు. జ్వరం మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని చీటీ మీద రాసిస్తే సరిపోతుంది. ఇన్సులిన్ మోతాదు పూటపూటకూ మారుతుంది: తిన్నదాన్నిబట్టి, నడిచినదాన్నిబట్టి, జ్వరాన్నిబట్టి, భయాన్నిబట్టి. తక్కువైతే ఏళ్ల తరబడి కళ్లనూ మూత్రపిండాలనూ తినేస్తుంది. ఎక్కువైతే ఆ రాత్రే నిద్రలో ప్రాణం తీయగలదు. 1993లో వెలువడిన అమెరికా పరిశోధన ఒకటి దీన్ని అంకెల్లో చూపించింది. గ్లూకోజును గట్టిగా అదుపులో వుంచినవాళ్లకు కంటిజబ్బు వచ్చే అవకాశం 76 శాతం తగ్గింది. షుగరు ప్రమాదకరంగా పడిపోవటం మాత్రం మూడింతలయింది. ఈ రెంటి మధ్య దారి కొలత ఒక్కటే. మా వూరి బంగారం అంగళ్లలో మిల్లీగ్రాములు తేల్చే త్రాసు లేకుండా యెవడూ వ్యాపారం చేయడు. అదే వూళ్లో ప్రాణానికి సంబంధించిన మందును చీటీ మీద రాసిన పాత అంకె ప్రకారం నెలల తరబడి పొడుచుకుంటూ వుంటారు.

మోతాదు లెక్క బ్రహ్మవిద్యా కాదు, డాక్టర్ల కులరహస్యమూ కాదు. నా ముందున్న సంగటిముద్దలో 70 గ్రాముల పిండిపదార్థం వుందనుకుందాం. నా ఒంటికి పది గ్రాములకు ఒక యూనిట్ కావాలి, అంటే ఏడు. ప్రస్తుతం గ్లూకోజు 200 వుంది, 120 వుండాలి. ఒక యూనిట్ నాకు 40 తగ్గిస్తుంది. అంటే మరి రెండు. మొత్తం తొమ్మిది. మూడు గంటల కిందట వేసుకున్నదాంట్లో ఒక యూనిట్ యింకా ఒంట్లో పనిచేస్తూ వుంది, దాన్ని తీసేస్తే ఎనిమిది. యాప్ చేసేది యింతే. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగలడు. పదికి ఒకటి, నలభైకి ఒకటి అనే నా అంకెలు యింకొకరికి పనికిరావు; ఎవరివి వాళ్లు డాక్టరు సాయంతో తేల్చుకోవాలి. తేల్చుకోవటమెలాగో నేర్పాలి గదా? ఆ నేర్పే మనిషి కోసం తిరుపతికో, వేలూరుకో, బెంగుళూరుకో పోయి వచ్చినవాళ్లు పులివెందులలోనూ జమ్మలమడుగులోనూ నాకు తెలిసినవాళ్లే వున్నారు.

ఇక్కడ మన మిత్రులు యెన్నడూ ముట్టని సంగతి ఒకటుంది. ప్రభుత్వాసుపత్రిలో పేదవాడి చేతికి తరచుగా వచ్చేది 30/70 మిశ్రమం: మూడు పాళ్లు త్వరగా పనిచేసేది, ఏడు పాళ్లు నెమ్మదిగా పనిచేసేది, రెండూ కలిపిన సీసా. పండగనాడు రెండు వోళిగలు యెక్కువ తిన్నాడని నాలుగు యూనిట్లు పెంచితే, వోళిగ కోసం పెరిగేది ఒక యూనిట్ చిల్లర. మిగిలినది అర్ధరాత్రి దాకా ఒంట్లో తిరుగుతూ షుగరును కిందికి గుంజుతుంది. ఈ మిశ్రమం మీద యే యాప్ లెక్కా నిలవదు. పూటపూటకూ లెక్కగట్టి వేసుకోవాలంటే భోజనపు ఇన్సులిన్ వేరుగా, రోజంతా పనిచేసేది వేరుగా యివ్వాలి. అది యివ్వకుండా, "రోగులకు క్రమశిక్షణ లేదు" అని బోర్డులు రాయించటం వట్టి బూటకం.

మరొక దారుణం సిరంజిది. మన దేశంలో సీసాల్లో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లది. పెన్నుల్లో వచ్చేది 100 యూనిట్లది. అందుచేత సిరంజిలూ రెండు రకాలు. 40 దానికి యెర్ర మూత, 100 దానికి నారింజ మూత. 40 సీసాలోనుంచి 100 సిరంజితో పదో గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది నాలుగు యూనిట్లే. అటుదిటు చేసి, 100 సీసానుంచి 40 సిరంజితో లాగితే పదికి బదులు ఇరవై అయిదు. మొదటిది నెమ్మదిగా చంపుతుంది, రెండోది ఆ పూటే. మా వూళ్లోనే ఒక మందుల అంగట్లో నాకు 40 సీసా, 100 సిరంజి కలిపి పొట్లం కట్టి యిచ్చారు. అడిగితే "అన్నీ ఒకటేలే సార్" అన్నాడు. నాకు లెక్క తెలుసు గనక తిరిగి యిచ్చేశాను. నా వెనక వరసలో ముద్దనూరు బస్సు దొరకదేమోనని తొందరపడుతున్న ముసలామె నిలబడి వుంది. బ్రిటన్ యీ గందరగోళాన్ని 1983లోనే వదిలించుకొని 100 ఒక్కటే వుంచుకుంది. మనకు యిన్నేళ్లూ తీరలేదు.

ఇక సెన్సరు. చర్మం కింద వుండే సన్నని తీగ మీద ఒక యెంజైము పూత వుంటుంది; అది గ్లూకోజుతో చర్య జరిపినప్పుడు పుట్టే అతి చిన్న విద్యుత్తును కొలిచి ఫోనులో అంకెగా చూపుతుంది. అది కొలిచేది కణాల మధ్య ద్రవాన్ని. రక్తంలో మార్పు అక్కడికి చేరటానికి అయిదు నుంచి పదిహేను నిమిషాలు పట్టవచ్చు. వేలు పొడిచి చూసే మీటరు ఆ క్షణానికి ఒక ఫోటో తీసి యిస్తుంది. సెన్సరు ఆ అంకె యెక్కుతున్నదో దిగుతున్నదో చెబుతుంది, తెల్లవారుజామున మూడింటికి అరిచి లేపుతుంది. లేచి చీనీకాయ రసమో గుప్పెడు చక్కెరో నోట్లో పోసుకుంటే బతుకుతాం. పులివెందుల చీనీ తోటలు లారీలకెత్తే కాయలో సగం కాయ చాలని కాదు గాని, పదిహేను గ్రాముల చక్కెర చాలు.

దీన్ని దేవుణ్ణి చేయమని నేననటం లేదు. 2025 నవంబరులో అబట్ కంపెనీ అమెరికాలోని తన సెన్సర్లలో సుమారు ముప్పై లక్షలు వున్నదానికంటె తక్కువ అంకె చూపవచ్చునని ప్రకటించింది. ప్రపంచమంతటా 736 తీవ్రమైన హానులకూ, ఏడు మరణాలకూ దానితో సంబంధం వుండవచ్చునని తానే చెప్పుకుంది. యాప్‌ల సంగతి చూద్దామా? 2015లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 46 మోతాదు యాప్‌లను పరీక్షిస్తే మూడింట రెండు వంతులు తప్పు మోతాదు చెప్పే ప్రమాదం వున్నవే. ఏ లోపమూ దొరకనిది ఒకే ఒక్కటి. కనుక ఒంట్లో తోచేదానికీ సెన్సరు అంకెకూ పొత్తు కుదరనప్పుడు వేలు పొడిచి చూడాలి. యాప్ చెప్పిన మోతాదు నోటిలెక్కకు అందకపోతే సూది పక్కన పెట్టాలి. ఇవి కొలతను ప్రజల అదుపులోకి తెచ్చుకోవటానికి కారణాలవుతాయి గాని, కొలతను వదులుకోవటానికి కారణాలెట్లా అవుతాయి?

కొలత యెవరి చేతిలో వుండాలనేది పాత తగాదా. 1969లో అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టైన్ అనే ఇంజనీరు, మొదటి రకం రోగి, గ్లూకోజు మీటరు కొనబోతే రోగులకు అమ్మమన్నారు. డాక్టర్లకూ ఆసుపత్రులకే అమ్ముతామన్నారు. ఆయన భార్య డాక్టరు గనక ఆమె పేరుతో తెప్పించుకొని, తన మోతాదు తాను లెక్కగట్టుకోవటం మొదలుపెట్టాడు. 2013లో జాన్ కాస్టిక్ అనే మరో ఇంజనీరు, తన పసివాడి సెన్సరు అంకెలు తన కళ్లముందే వుండాలని, కంపెనీ తెరవని తలుపును తానే తెరిచాడు. ఆ పనిని వందలాది తల్లిదండ్రులు పెంచి, ప్రోగ్రాముతో సహా ఉచితంగా లోకానికి పంచిపెట్టారు. సమష్టి శ్రమ, ఉమ్మడి ఆస్తి అని మనం సభల్లో చెప్పేదానికి యింతకంటె చక్కని నిదర్శనాన్ని నేను చూడలేదు. విచిత్రమేమంటే మన పత్రికలలో దాని ఊసే లేదు.

సెన్సరు ఒక్కొక్కటి నాలుగువేలకూ అయిదువేలకూ మధ్య. పధ్నాలుగు రోజులుంటుంది. నెలకు రెండు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఒక్కరోజు ఆగకుండా నెలంతా చేసినా కూలి అంతా సెన్సర్లకే సరి. కనుక అది నిజంగానే డబ్బున్నవాళ్ల చేతికి పోతున్నది. అందులోనూ జబ్బే లేని ఆసాములు, అన్నం తింటే యెంత యెక్కుతుందో వేడుక చూడటానికి అంటించుకుంటున్నారు. మన మిత్రులకు వీళ్లే కనిపిస్తారు. రాత్రి రెండింటికి బిడ్డ నుదుట చెమట తడిమి చూసే తల్లి కనిపించదు.

డబ్బు లేదంటుంది ప్రభుత్వం. అదే ప్రభుత్వం డయాలిసిస్ మీద బతికేవాళ్లకు నెలకు 10,000 రూపాయల పింఛను యిస్తుంది. ఇవ్వాలి, దానిమీద నాకు అణువంత అసూయ లేదు. కాని రెండు సెన్సర్ల ఖరీదు కూడా యించుమించు అంతే. మూత్రపిండాలు చచ్చిన తర్వాత యిచ్చే సొమ్ము, చావకముందు యెందుకు యివ్వరు? 2007లో పులివెందుల శాసనసభ్యుడు ముఖ్యమంత్రిగా వుండగా మొదలైన ఆరోగ్యశ్రీ కూడా యీ ధోరణిలోనే నడిచింది: పెద్దాసుపత్రిలో చేరితే, కత్తి పెడితే డబ్బు, ఇంట్లో ప్రతిపూటా చేసుకునే వైద్యానికి లేదు. ఆ పులివెందులలోనే వైద్య కళాశాలకు 2024లో జాతీయ వైద్య కమిషన్ 50 సీట్లిస్తే, వసతులు చాలవని రాష్ట్ర ప్రభుత్వమే వద్దని రాసింది. 2025లో దాన్ని ప్రైవేటు భాగస్వామ్యానికి అప్పగించటానికి నిర్ణయించింది. జమ్మలమడుగులో లండన్ మిషన్ నాటి కాంబెల్ ఆసుపత్రి ఇన్సులిన్ కంటె పాతది. ఉక్కు ఫ్యాక్టరీకి పార్టీకొక శంకుస్థాపన చూసిన ప్రాంతం మాది. రాళ్లు పాతటానికి యెవరికీ డబ్బు తక్కువ కాలేదు.

సాధ్యం కాదనేవాళ్లు కేరళకు పోయి చూడవచ్చు. మొదటి రకం జబ్బున్న పిల్లలకోసం అక్కడి వామపక్ష ప్రభుత్వం 2018లో 'మిఠాయి' పథకం పెట్టి, పేద పిల్లలకు పెన్నులు, సెన్సర్లు, పంపులు కూడా యివ్వబూనింది. బ్రిటన్‌లో 2022నుంచి మొదటి రకం వాళ్లందరికీ సెన్సరు ప్రజావైద్యం కింద యివ్వాలని నిర్దేశం. మన దేశంలో వైద్య పరిశోధనా మండలి 2022లో మొదటి రకానికి ప్రత్యేకంగా మార్గదర్శక సూత్రాలు ప్రచురించింది. కాగితం సిద్ధంగానే వుంది. మూడు వూళ్ల ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి రెండు రోజులు లెక్క నేర్పే నర్సు, మిశ్రమానికి బదులు విడి ఇన్సులిన్లు, 100 ఒక్కటే సిరంజి, ఇన్సులిన్ మీద బతికే ప్రతి బిడ్డకూ సెన్సరు, సంగటిముద్దకూ జొన్నరొట్టెకూ ఉగ్గానికీ తూకంతో సహా తెలుగులో పట్టిక: ఈ కోరికలతో మనం యెన్నడైనా ఒక ధర్నా చేశామా?

ధర్నాకు ముందు మన బడుల్లో చేయవలసిన పని వుంది. సెన్సరు అంకె ఫోనులో కనిపిస్తుంది. బడిలో ఫోను నిషిద్ధం. పాఠం మధ్యలో పిల్లవాడు ఫోను తీసి చూస్తే మాస్టరు లాక్కుంటాడు, జేబులోనుంచి గ్లూకోజు బిళ్ల తీసి తింటే నిలబెడతాడు. మొదటి రకం జబ్బున్న పిల్లలను తరగతిలో షుగరు చూసుకోనివ్వాలనీ, సూది వేసుకోనివ్వాలనీ, తిననివ్వాలనీ జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసింది. ఆ మాస్టర్లలో మన సంఘ సభ్యులున్నారు. వచ్చే నెల ప్రొద్దుటూరులో మన ఉపాధ్యాయులు కలుసుకున్నప్పుడు, ప్రపంచ పరిస్థితి మీద తీర్మానానికి ముందు, ఎవరి తరగతిలో అలాంటి పిల్లలెందరున్నారో ఒక జాబితా రాసుకొని రమ్మని నేను కోరుతున్నాను.