పదో నంబరు ఎగురవేశారట!



అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే మన కోస్తా పల్లెల్లో చేలో వరితోపాటు టీవీలో తుఫాను కూడా పండుతుంది. సముద్రంలో అల్పపీడనం పుట్టిన రోజునుండే తెరమీద ఎర్రబాణాలు తిరుగుతుంటాయి. ఎక్కడో కూలిన ఒకే చెట్టును పొద్దుటినుండి రాత్రిదాకా చూపిస్తారు. సాయంత్రానికి కొట్లో కొవ్వొత్తులుండవు.

2013 నవంబరు నాకు బాగా జ్ఞాపకం. 22న హెలెన్ తుఫాను మచిలీపట్నం దగ్గర తీరం దాటింది. చేలల్లో నీళ్ళు తీయకముందే లెహర్ వస్తోంది, ఇది ఇంకా పెద్దదన్నారు. అన్నమాట అబద్ధం కాదు. అండమాన్ దాటి వచ్చాక అది అతి తీవ్ర తుఫానే అయింది. మా సంఘంలో ఒక కుటుంబానికి మూడెకరాల కౌలు చేను ఉంది. కంకి ఇంకా పచ్చిది, పదిరోజులు ఆగవలసిన పంట. టీవీ చూసి, గుండె ఆగక, రెట్టింపు కూలి ఇచ్చి కోయించారు. పనలు తడినేలమీదే పడ్డాయి. లెహర్ తీరం చేరకముందే నీరసించి, 28న మచిలీపట్నం దగ్గర ఉత్త వాయుగుండంగా దాటిపోయింది. ఉప్పెన రాలేదు. పనలు మాత్రం మొలకెత్తాయి. రంగుమారిన ధాన్యమని వ్యాపారి అడిగిన ధర కౌలుకు కూడా చాలలేదు.

పండిన పంట కోసుకోమనేది వాతావరణ హెచ్చరికతో వచ్చే సలహా. పచ్చిచేను కోయమని ఎవరూ చెప్పరు. మనం సగం విని పరుగెత్తుతాము.

ఆ నంబర్ల సంగతే చూడండి. మూడో నంబరు అనగానే సామాను మూట కడతారు. నిజానికి అవి రేవులో ఓడలకోసం ఎగురవేసే గుర్తులు. మూడంటే ఆ రేవులో ఈదురుగాలులు వీచవచ్చునని జాగ్రత్త చెప్పడమే. 5, 6, 7 ప్రమాద సూచికలు, 8, 9, 10 మహా ప్రమాద సూచికలు. ఆ మూడేసింటి మధ్య తేడా తుఫాను రేవుకు ఎడమగా దాటుతుందా, కుడిగానా, రేవుమీదుగానా అన్నదే. 11 అంటే పదిని మించిన గాలి కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం. పల్లెలో ఉన్న మనకు కావలసింది మన మండలం పేరు చెప్పారా, మన ఊరు ఖాళీ చేయమన్నారా అన్న కబురు.

గుడిలోనూ మనం తక్కువ తినలేదు. ప్రతి వాయుగుండానికి లోకాంతం ప్రకటించే బోధకులున్నారు. ఇక నా తప్పు కూడా చెప్పుకోవాలి. అదే ఏడాది అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మన తీరం వదిలి ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర దాటింది. మరునాడు ఆదివారం ఆరాధనలో, మన ప్రార్థన విని దేవుడు తుఫానును అటు మళ్ళించాడని నేను గట్టిగా స్తోత్రం చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆరాధన ముగిశాక ఒక పెద్దమ్మ నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది: "అయ్యగారూ, ఆ ఊళ్ళలో ప్రార్థన చేసేవాళ్ళు లేరా?"

నాకు జవాబు రాలేదు. ఆమె దివిసీమ మనిషి. 1977 నవంబరు 19 ఉప్పెనలో సుమారు 10 వేలమంది పోయారంటారే, వారిలో ఆమె ఇద్దరు బిడ్డలున్నారు.

ఆ మాట విన్నాక అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం మళ్ళీ చదివాను. మంచిరేవులు దాటవద్దని పౌలు ముందే చెప్పాడు. శతాధిపతి ఓడ యజమాని మాటే విన్నాడు. తీరా ఊరకులోను పట్టుకున్నాక, 14 దినాలు తిండిలేక బెదిరిపోయిన 276 మంది ఎదుట, గాలి ఇంకా ఆగకముందే, పౌలు రొట్టె విరిచి తిన్నాడు. ఓడవారేమో అందరినీ వదిలి పడవ దించుకుని పారిపోజూశారు.

లెహర్ తుస్సుమన్నాక మా ఊరివారికి ఇంకో జబ్బు పట్టుకుంది. ఏం చెప్పినా "అప్పుడూ ఇలాగే అన్నారు" అనడం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందురోజు బడికి వెళ్ళమని ఊళ్ళో మైకులో చెబితే, పచ్చిచేను కోయించిన ఆ ఇంటాయనే గుమ్మం దాటలేదు. "ఒకసారి నమ్మి మునిగాం, చాలండి" అన్నాడు. నేను ఎంత బ్రతిమాలినా కదలలేదు.

పెద్దమ్మ మాత్రం టీవీ చూడలేదు, ఎవరినీ తొందరపెట్టలేదు. రేషన్ కార్డు, మందులు, బైబిలు సంచిలో పెట్టుకుని, కోడిని గంపతో చంకనెత్తుకుని బయలుదేరింది. దారిలో ఆ ఇంటిముందు ఆగి, "ఏరా అబ్బాయ్, గొడుగు తేలేదు, నన్ను బడిదాకా దింపు" అంది. కాదనలేక వచ్చాడు. వర్షం పెరిగింది. పెళ్ళాం పిల్లల్ని కూడా పిలుచుకొచ్చాడు.

రాత్రి బడి వరండాలో ఉప్మా పెడుతుంటే అతడు తనకు వద్దన్నాడు. "తినరా, గాలి రాత్రంతా ఉంటుంది" అంటూ ఆమె తన విస్తరిలోది సగం అతని ముందుకు జరిపింది.