సొరంగం సరే, బిల్లు ఎవరు కట్టారు?

మాది భోగాపురం అని తెలిసినప్పట్నుంచీ మా టీంలో ఒకాయనది లంచ్ టేబుల్ దగ్గర ఒకటే పాట. "ఇంగ్లండు, ఫ్రాన్సు సముద్రం కింద రైలు వేసుకున్నాయి, అదీ సర్కారు పైసా లేకుండా. మీవాళ్ళేమో ఓ ఎయిర్‌పోర్టుకి భూములివ్వమంటే ఏడ్చారు." వినీ వినీ విసుగొచ్చింది. ఆయన చెప్పే చరిత్రలో రిబ్బన్ కటింగ్ తప్ప ఇంకేమీ లేదు మరి!

సరే, ఆ ఛానెల్ టన్నెల్ కథే చూద్దాం. 1802లోనే ఒక ఫ్రెంచి ఇంజనీరు గుర్రబ్బళ్ళు వెళ్ళే సొరంగానికి ప్లాను గీశాడు. 1880ల మొదట్లో రెండు వైపులా కలిపి మూడు కిలోమీటర్ల పైనే తవ్వారు కూడా. అది ఆగింది రాయి అడ్డొచ్చి కాదు, ఫ్రెంచి సైన్యం అందులోంచి వచ్చిపడుతుందని లండన్‌లో భయపడి. 1974లో మళ్ళీ మొదలెట్టి, 1975 జనవరిలో డబ్బుల్లేవని బ్రిటన్ చేతులెత్తేసింది. అప్పుడు వాళ్ళని 'అభివృద్ధి నిరోధకులు' అని ఎవరన్నా అన్నారా?

1986లో ఒప్పందం కుదిరింది. ప్రభుత్వ నిధులుండవు, హామీలుండవు అని షరతు. 1990 డిసెంబరు 1న రెండువైపుల తవ్వకాలూ సముద్రం కింద కలిశాయి, అర మీటరు కూడా తేడా లేకుండా. 50 కిలోమీటర్ల సొరంగం, అందులో 38 సముద్రం కిందే. 1994 మే 6న ప్రారంభం. ఇంజనీర్లకి నూటికి నూరు మార్కులు.

ఫెయిలయింది ఎస్టిమేటు. ఖర్చు అంచనాకన్నా దాదాపు 80 శాతం ఎక్కువైంది. యూరోస్టార్‌కి మొదటి ఏడాది కోటీ 59 లక్షలమంది వస్తారనుకుంటే, 1995లో వచ్చింది 30 లక్షల లోపే. సేల్స్‌వాడు ఒప్పుకున్న డెడ్‌లైనుకి రాత్రుళ్ళు ఎవరు మేలుకుంటారో మనకి ఒకరు చెప్పాలా? అక్కడా అంతే. కట్టేటప్పుడు పదిమంది కార్మికులు చచ్చిపోయారు. దాచుకున్న డబ్బులతో షేర్లు కొన్న ఫ్రాన్స్ చిన్న మదుపరులు నిండా మునిగారు. 2004లో వాళ్ళే తిరగబడి బోర్డుని దింపేశారు. 2006లో కంపెనీ అప్పులవాళ్ళ నుంచి రక్షణకి కోర్టుకెక్కింది. అంచనాలు వేసినవాళ్ళు ఫీజు వెనక్కిచ్చారని మాత్రం నేనెక్కడా చదవలేదు.

"ఇప్పుడు లాభాలొస్తున్నాయి కదా" అంటారు. వస్తున్నాయి. కానీ 2007లో అప్పులు సర్దేసరికి పాత షేర్‌హోల్డర్ల వాటా కరిగిపోయింది. ఇక 'సర్కారు పైసా లేకుండా' అన్నది ఇంకో జోకు. సొరంగం దాకా వచ్చే ఫ్రాన్స్ వైపు హైస్పీడ్ లైను వేసింది ప్రభుత్వ రైల్వే. బ్రిటన్ వైపు లైను ప్రభుత్వ హామీతో అప్పు తెచ్చాకే 2007లో పూర్తయింది.

ఇప్పుడు మా ఊరికొద్దాం. 2015లో భూముల గొడవ. 2019లో ఒక శంకుస్థాపన, 2023లో ఇంకోటి. ఈలోగా మరడపాలెం, ముడసర్లపేట లాంటి ఊళ్ళు ఉన్నచోటు నుంచి లేచిపోయాయి. మా పెదనాన్న అడిగింది ఒక్కటే: "ఇమానాలొస్తే రానీరా, నానొద్దన్నానేటి? మీరనుకున్నంతమంది ఎక్కకపోతే నా జీడితోట మల్లీ ఇస్తారేటి?"

క్లయింటు ఇదే ప్రశ్న ఇంగ్లీషులో అడిగితే రిస్క్ అనాలిసిస్ అని స్లైడు వేస్తాం. రైతు అడిగితే ఏడుపా? ఎయిర్‌పోర్టు వద్దని నేననను. అంచనాలు జనం ముందు పెట్టండి, తప్పితే నష్టం ఎవరిదో ముందే రాయండి, భూమి ఇచ్చినవాళ్ళకి లాభంలోనూ వాటా ఇవ్వండి. అంతే.