మురికి ఎవరిది?

"మీ గూడేల్లో శుభ్రత తక్కువ సార్" అన్నాడు ఒక తోటి ఉపాధ్యాయుడు. నిజామాబాద్‌లో శిక్షణ తరగతి జరుగుతోంది. భోజనాలయ్యాక చూశాను. మిగిలిన అన్నం, ప్లాస్టిక్ ప్లేట్లు, నీళ్ల సీసాలు అన్నీ ఒకే డబ్బాలో పడ్డాయి. ఆ సారు ప్లేటు కూడా.

మా ఇంట్లో మోదుగాకు విస్తరిలో తిన్నాం. మిగిలింది పశువుకు, ఆకు పెంటకుప్పకు, ఎరువు చేనుకు. నిజమే, ఇప్పుడు చిప్స్ ప్యాకెట్లు గూడెంలోనూ ఎగురుతున్నాయి. కానీ అవి మోదుగ చెట్టుకు కాయలేదు.

2015లో మూతపడిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీని గుర్తు చేసుకోండి. చక్కెర ఫ్యాక్టరీలో పిప్పి బాయిలర్‌కు, మొలాసిస్ ఆల్కహాల్‌కు, మడ్డి పొలానికి పోతాయి. వేరుగా ఉంటే ప్రతిదీ సరుకే. కలిస్తేనే చెత్త.

తడి, పొడి, ప్రమాదకర చెత్తను ఇంట్లోనే వేరు చేయాలని 2016లోనే కేంద్రం నియమాలు తెచ్చింది. మరి కలిపేది ఎవరు? వేరు చేసేది ఎవరు? కలిపేది చదువుకున్న చేయి. గాజుపెంకులకు తెగేది చెత్త ఏరుకునేవాళ్ల ఒట్టి చేయి. కూర అంటిన కాగితానికి వాళ్లకు ధర కూడా రాదు. కుప్ప అడుగున గాలాడక కుళ్లిన తిండి మీథేన్ అవుతుంది. అది అంటుకుంటే పొగ మింగేదీ వాళ్లే.

పంతుళ్లారా, బడిలో రెండు డబ్బాలు పెట్టండి. ఊడ్చే వంతు అందరి పిల్లలకూ వేయండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మిమ్మల్ని ఎవరైనా మురికివాళ్లంటే తల దించకండి. ముందు వాళ్లింటి డబ్బా మూత తీయమనండి.